బ్రూనో యజమాని

“గొలుసు వదలండి బాబూ. అది మా కుక్క.”

నర్సీపట్నం పశువుల ఆసుపత్రి మెట్ల మీద నూకరత్నం రెండు చేతులతో గొలుసు పట్టుకుని నిలబడింది. రెండో కొస మత్స్యలింగం చేతిలో ఉంది. మధ్యలో బ్రూనో ఇద్దరినీ చూసి తోక ఊపుతోంది.

“నీదేటి? యలమంచిలిలో కొన్నాను. సూది మందు ఏయిద్దామని తెచ్చాను. ఒరే టైగరూ...”

అలా పిలవగానే కుక్క అతని చెయ్యి నాకింది. నూకరత్నానికి ప్రాణం చివుక్కుమంది.

“దీని పేరు బ్రూనో అండీ. ఇరవై రోజులై ఎతుకుతన్నాను. దీని కోసం మా పాప అన్నం ముట్టడం నేదు.”

గొడవ విని డాక్టరుగారు బయటికొచ్చారు. “రుజువేమైనా ఉందామ్మా?”

“రుజువంటే ఏటి సెప్పనండీ. మా ఆయన సోమేశ్ గారు పెళ్ళికి ముందు నుంచీ పెంచుకుంతన్న కుక్క. కొయ్యూరు పనికెళ్ళారు, సాయంత్రానికొచ్చేత్తారు. ఆయన్నడగండి.”

“అందాకా నానిక్కడే కూకోవాలేటి?” మత్స్యలింగం గొలుసు లాగాడు.

డాక్టరుగారు లోపలికెళ్ళి చేతిలో ఇమిడే మిషనొకటి తెచ్చారు. “పెద్ద ఊళ్ళలో కొందరు కుక్క చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెట్టిస్తారు. దానికో నంబరుంటుంది. ఉంటే గొడవే లేదు.”

బ్రూనో మెడ వెనక ఆనించగానే మిషను కీచుమని అంకెలు చూపించింది. డాక్టరుగారు ఆ అంకెలు రాసుకుని హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేశారు. వాళ్ళు చెప్పింది పైకే చదివారు.

“కుక్క బ్రూనో. ఓనరు సోమేశ్. ఊరు నెల్లూరు.”

మత్స్యలింగం గొలుసు వదిలేశాడు. “నాకమ్మినోడే దొంగన్నమాట. ఏటనుకోకమ్మా,” అని తల దించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నూకరత్నం నేల మీద కూలబడి బ్రూనోని వాటేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. “ఇంత ముందుసూపుతో సేయించారని నాకు ఒక్కనాడూ సెప్పనేదండీ ఆయన.”

“అడ్రసు మాత్రం ఇక్కడికి మార్పించుకోమ్మా. రేపు మళ్ళీ తప్పిపోతే కబురు నెల్లూరు పోతుంది. అక్కడి ఇంటి ఫోన్ నంబరు కూడా ఇచ్చారు, పని చేస్తోందేమో చూద్దాం.”

“అక్కడెవరున్నారండీ? అమ్మా బాబూ సిన్నప్పుడే పోయారు ఆయనకి.”

ఆ సరికే అవతల ఎవరో ఫోనెత్తారు. “మీ బ్రూనో దొరికిందండీ, నర్సీపట్నంలో,” అన్నారు డాక్టరుగారు నవ్వుతూ. తరవాత చాలాసేపు వింటూ ఉండిపోయారు. నవ్వు పోయింది. ఫోన్‌ని అరచేత్తో మూసి, నూకరత్నం మొహం చూడలేక కుక్కకేసి చూస్తూ అన్నారు.

“సోమేశ్ గారి భార్యనంటున్నారమ్మా. కుక్క సంగతి అడగడం లేదు. ఆయన బతికే ఉన్నారా అంటున్నారు.”