చల్లగా ఉండు

ప్రొద్దుటూరులో కొన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించినప్పటి నుంచి నా కొడుకు జోయెల్ కంప్యూటర్ పొయ్యిలా కాగుతోంది. పెట్టె మూత విప్పేసి, పక్కన మా పాత టేబుల్ ఫ్యాన్ పెట్టాడు.

“దాని వైరు తెగింది కదరా?”

“టేపు చుట్టినాలేమ్మా, బయపడాకు.”

ఆదివారం చర్చికి పోతూ ఎప్పటిలాగే వాడి తల మీద చెయ్యి పెట్టబోయాను.

“నాకెందుకుమా? కాగిపోతాండేది ఇది. దీన్ని దీవించు,” అన్నాడు.

నవ్వొచ్చింది. వాడి తల వదిలి, పెట్టె మీద చెయ్యి పెట్టి “చల్లగా ఉండు” అన్నాను.

ఆరాధన ముగిసి వచ్చేసరికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పెట్టె తాకి చూశాను. చల్లబడింది.

వైరు పక్కన పడి ఉన్న నా బిడ్డను తాకాను. వాడు అంతకంటే చల్లగా ఉన్నాడు.