మంచం మీది వెలుగుబొమ్మ

బొబ్బిలిలో కూర్మారావు ఇంటి నడిమిగదిలో, మంచం మీద అతని భార్య నీలవేణి వెలుగుబొమ్మ పడుకుని ఉంటుంది. ఆసుపత్రిలో తీసిన రకరకాల స్కానింగులన్నీ కలిపి చేసిన బొమ్మ అది. ఎముకలూ నరాలూ, కాలేయంలో ఎర్రగా మెరిసే కేన్సరు గడ్డా అన్నీ కనిపిస్తాయి. డాక్టరు ఎక్కడో కూర్చుని బొమ్మలోని గడ్డను కాలిస్తే, నీలవేణి ఒంట్లో గడ్డ కరుగుతుంది. ఊళ్లో చాలా ఇళ్లలో ఇలాంటి బొమ్మలున్నాయి. కూర్మారావు మంచం చుట్టూ దానికి చీపురు తగలకుండా ఊడుస్తాడు.

ఒకరోజు బొమ్మ చెయ్యెత్తి మెడ గోక్కుంది. అతను వంటింట్లోకి పరుగెత్తాడు. నీలవేణి బెండకాయలు తరుగుతోంది.

"ఇందాక మెడ దురదెట్టిందండి. చేతులు ఖాళీ లేవు. దానంతటదే తగ్గిపోయింది," అంది.

గడ్డ పూర్తిగా మాయమైన రోజున ఆసుపత్రి నుంచి చంద్రిక అనే అమ్మాయి వచ్చింది.

"ఇంక భయం లేదు మావయ్యా. బొమ్మని ఆపేస్తాను," అంటూ మీట మీద చెయ్యి వేసింది.

సంతోషంతో కూర్మారావు కళ్లు చెమర్చాయి. అంతలో మంచం వైపు చూశాడు. బొమ్మ వద్దన్నట్టు తల ఊపుతోంది.

"ఏమండీ!" వంటింట్లోంచి నీలవేణి కేకేసింది. "ఎందుకో తెలీదు గానీ, చచ్చేంత భయమేస్తోందండి."

"ఈ పూటకి ఉంచమ్మా!" అని కూర్మారావు మీటకు అడ్డం వెళ్లాడు. తరవాత మంచం పక్కన కూలబడి, ఆ వెలుగుచేతి మీద చెయ్యి వేశాడు. అది అతని వేళ్లను గట్టిగా పట్టుకుంది.

వంటింట్లో నీలవేణి హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.