నల్లగుండీ

"తెర కుట్టింది నువ్వే కదమ్మాయ్, నీ కంటి ఎత్తున ఓ చిల్లు ఉంచుకుంటే నీ సొమ్మేం పోయేది?" అంది అత్తగారు మూడోసారి.

పొద్దుటి కాఫీల దగ్గర మొదలైన గొడవ మధ్యాహ్నం కంచాల దాకా సాగింది. టైలరమ్మ ఎవరిదో చొక్కాకు కాజాలు కుడుతూ కూర్చుంది. భర్త కూడా తల్లికే వంత పాడాడు. ఎంపిక చేసే ఐదుగురిలో ఇంటిమనిషి ఉండి కూడా పిల్లకు సీటు రాదంటే నలుగురూ నవ్వరా అన్నది ఆయన బాధ. కూతురు పెద్ద సంగీత కళాశాల హాస్టల్లో రెండేళ్ళు ఉండి చదవాలని పిల్లకన్నా ఆయనకే ఎక్కువ తొందర. ట్రంకుపెట్టెకు తనే రంగు వేసి వరండాలో ఆరబెట్టాడు.

"ఆశ పెట్టుకోవద్దని నిన్ననే చెప్పాను" అంది టైలరమ్మ.

"ఎందుకు పెట్టుకోకూడదో మాత్రం చెప్పవు."

చెప్పడానికి వీల్లేదు. పేట సంగీత పాఠశాల పద్ధతే అది. గోడలకు సున్నం కొట్టేదీ, విరిగిన బెంచీలు బాగుచేసేదీ, కచేరీలకు పిల్లల బట్టలు కుట్టేదీ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. వాళ్ళను బడి మిత్రులంటారు. పై చదువుకు పంపే పిల్లల్ని ఎంచేటప్పుడు ఇద్దరు మాస్టర్లతోపాటు ముగ్గురు మిత్రులు కూడా కూర్చుంటారు. సంగీతం రానివాళ్ళ చెవికీ విలువుండాలని పెద్ద మాస్టారి పట్టుదల. పిల్లలు చీటీ తీసి, ఆ నంబరుతో తెర వెనక నుంచి వాయిస్తారు. ఎవరి పిల్లో ఎవరికీ తెలియకూడదు. పంపాలనిపిస్తే డబ్బాలో తెల్లగుండీ, వద్దనిపిస్తే నల్లగుండీ. మూడు తెల్లవి పడితే సీటు. ఆ గుండీలు టైలరమ్మ ఇచ్చినవే. తెర కూడా ఆమే కుట్టింది, రెండు పొరలు వేసి, వెలుగు కూడా జొరబడకుండా.

కంటికి తెర కట్టగలిగింది గాని చెవికి కట్టలేకపోయింది. నిన్న ఏడో నంబరు మొదలుపెట్టగానే ఆమె తలెత్తింది. కమాను మూడో తీగ మీదికి వచ్చినప్పుడల్లా, సీసాలో చిక్కుకున్న ఈగలా ఒక సన్నని రొద. చెక్క పగిలితే భర్త జిగురు పెట్టి అతికించిన కూతురి వయొలిన్ అది. రాగమేదో తాళమేదో ఆమెకు తెలియదు గాని ఆ రొద తెలుసు. ఐదేళ్ళుగా కుట్టుమిషను చప్పుడులోంచి వింటున్నదే. మిషను ఆపి విన్న రోజు మాత్రం ఒక్కటీ లేదు.

పద్నాలుగేళ్ళ పిల్ల. రెండేళ్ళు హాస్టల్లో. ఈ ఇంట్లో తనతో మంచీచెడూ మాట్లాడే ప్రాణి అదొక్కతే. టైలరమ్మ నల్లగుండీ తీసి పిడికిట్లో దాచింది. కళ్ళు మూసుకుని డబ్బాలో వేసేసింది. బల్ల మీద పోసి చూస్తే తెల్లవి రెండు, నల్లవి మూడు.

ఆ తర్వాత వాయించినవాళ్ళు చెవికెక్కితే ఒట్టు. పదకొండో నంబరు దగ్గర మాత్రం ఉలిక్కిపడి తేరుకుంది. వింటుంటే ఒళ్ళు జలదరించింది. ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా వెళ్ళి పైకి రావాలి అనుకుంటూ తెల్లగుండీ వేసింది. చేసిన పాపంలో కాస్త కడిగేసుకున్నట్టనిపించింది.

గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. పేర్ల జాబితా చూడ్డానికి బడికి వెళ్ళిన కూతురు లోపలికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ముద్ద నోట్లో పెట్టుకోబోయిన తండ్రి చేయి దించాడు. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టైలరమ్మ సూది చొక్కాకు గుచ్చి, లేచి కూతురి తల నిమిరింది. సీటు పోతే లోకం మునిగిపోదనీ, వచ్చే ఏడు ఉండనే ఉందనీ, నిన్నటి నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పింది.

"దానికి వచ్చే ఏడు లేదమ్మా" అంది పిల్ల.

"ఎవరికి?"

వీధి చివర లాండ్రీ ఆయన కూతురికి. టైలరమ్మ కూతురితో ఒకే బెంచీలో కూర్చుంటుంది. మొన్ననే వచ్చి గౌను కింది మడత విప్పించుకుని, "మీరూ కూర్చుంటారటగా పిన్నీ, ఇంక నాకు భయం లేదు" అని నవ్వి వెళ్ళింది. సీటు వస్తే కళాశాల, రాకపోతే సోమవారం నుంచి నూలుమిల్లు అని వాళ్ళ నాన్న ముందే ఖాయం చేశాడట. తీరా తెర వెనక్కి వెళ్ళబోతుంటే దాని వయొలిన్‌కు తీగ బిగించే బిరడా విరిగిందట.

"ఏడుస్తూ కూర్చుంటే నాది ఇచ్చాను. ఏడో నంబరు దానిదే" అంది పిల్ల. "ఒక్క గుండీతో పోయిందమ్మా."

టైలరమ్మ చేయి కూతురి తల మీదే ఆగిపోయింది.

"మరి నువ్వు దేంతో వాయించావే?" అన్నాడు తండ్రి.

తనది దాని దగ్గరే ఉండిపోతే బీరువాలోని బడి వయొలిన్‌తో అని చెప్పి, పిల్ల వరండాలోకి వెళ్ళింది. రంగు వాసన ఇంకా వదలని ట్రంకుపెట్టెను నడింట్లోకి లాక్కొచ్చి మూత తెరిచింది. ముగ్గురి మొహాలూ ఒకసారి చూసి మెల్లగా చెప్పింది.

"సోమవారం నేనూ వెళ్తున్నాను. పదకొండో నంబరు నాది. ఐదుకు ఐదూ తెల్లగుండీలేనటమ్మా."