పదకొండు కోట్ల మేకల కొట్టం

“ఇక్కడ షాపూ లేదు గీపూ లేదమ్మా. ఉన్నవి మేకలు” అన్నాడు యలమందయ్య, నెత్తిమీది గడ్డిమోపు కింద పడేసి.

జాస్మిన్‌కి ఒళ్లు మండిపోయింది. పర్చూరు నుంచి వినుకొండ దాకా రెండు బస్సులు మారి, ఆఖర్న ఆటోకి మూడొందలు పోసి వచ్చింది ఈ సంబడం చూడ్డానికా! చేతిలో కాగితం మళ్లీ చూసుకుంది. అరుణతార ట్రేడర్స్. సందు పేరు ఇదే, ఇంటి నంబరూ ఇదే. ఎదురుగా మాత్రం రేకుల కొట్టం, అందులో ఆరు మేకలు.

“చూశావా నాన్నా? మీ శివరామకృష్ణ గారి కంపెనీ పోయినేడు పదకొండు కోట్ల కారం ఈ మేకలకే అమ్మింది.”

“నోటికొచ్చినట్టు వాగకు. అడ్రసు తప్పయి ఉంటుంది” అని కసిరాడు యేసుపాదం.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఇదే గొడవ. శివరామకృష్ణకి మిరపకాయలు నిల్వపెట్టే కోల్డ్ స్టోరేజీ ఉంది, కారం మిల్లు ఉంది. ఇప్పుడు ‘మిరపశ్రీ ఆగ్రో’ అని కంపెనీ పెట్టి, షేర్లు మార్కెట్లోకి వదులుతున్నాడు. దరఖాస్తుకి రేపే ఆఖరు. సొంతిల్లు కట్టుకుందామని పన్నెండేళ్లుగా కూడబెట్టిన నాలుగు లక్షలూ అందులో పెట్టి తీరతానని యేసుపాదం భీష్మించుకు కూర్చున్నాడు. ముందు ఆ కంపెనీ సంగతేమిటో చూద్దామంది కూతురు. పత్తి మిల్లులో లెక్కలు రాసే పిల్ల. షేర్లు కొనేవాళ్ల కోసం కంపెనీవాళ్లు తమ లెక్కలన్నీ పెట్టిన మూడొందల పేజీల ప్రాస్పెక్టస్‌ని ఫోన్లోనే ఆసాంతం చదివి పారేసింది. అమ్మిన సరుకులో సగం పైగా కొన్నది ఒక్కరే, ఈ అరుణతార ట్రేడర్స్. అంత పెద్ద వ్యాపారి పేరు గుంటూరు మిర్చి యార్డులో ఒక్కడంటే ఒక్కడు వినలేదు. అందుకే అందులో ఉన్న అడ్రసు కాగితం మీద రాసుకుని తండ్రిని లాక్కొచ్చింది.

“అడ్రసు తప్పు కాదు నాన్నా, మనిషే తప్పు. శివరామకృష్ణ దొంగ.”

“ఏమే, ఆయన్ని అనడానికి నీకు నోరెలా వచ్చిందే? ఏడేళ్లుగా మన కాయలు దాచిపెడుతున్న మనిషి. రేటు పడిపోయిన ఏడు ఆ బస్తాల మీద అప్పు ఇప్పించింది ఎవరు? సొంత పొలం చెక్క లేని కౌలు రైతుని. ఏ బ్యాంకోడు నా మొహం చూశాడు? ఈయన ఆధార్, పాన్ జిరాక్సులు ఇమ్మన్నాడు. చూపించినచోటల్లా సంతకాలు పెట్టమన్నాడు. ఫోనుకొచ్చిన నంబరు చెప్పమన్నాడు. సాయంత్రానికి డబ్బు చేతిలో పెట్టాడు. అక్కడ కాయలు పెట్టిన రైతులందరం అట్లాగే తెచ్చుకున్నాం. మనకి అంత మేలు ఎవరు చేస్తారే?”

“మేలు చేస్తే ఆయన కోసం ప్రార్థన చెయ్. నాలుగు లక్షలు తీసుకెళ్లి పొయ్యడం దేనికి?”

ఇద్దరి అరుపులకీ మేకలు బెదిరి మూలకు చేరాయి. యలమందయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగండయ్యా బాబూ! మీరొచ్చింది ఆ బోర్డు కోసమా ఏంది?”

గోడకి చేరేసిన చొప్పకట్టలు పక్కకి లాగాడు. వెనకాల జానెడు రేకు బోర్డు. అరుణతార ట్రేడర్స్ అని రాసి, కింద జీఎస్టీ నంబరు వేసి ఉంది.

“రెండేళ్ల నాడు ఎవరో గుంటూరు నుంచి కార్లో వచ్చి తగిలించారు. నా మేకల్ని బయటికి తోలించి, పాతిక కారం బస్తాలు దింపి ఫొటోలు తీసుకున్నారు. మళ్లీ వాళ్లే ఎక్కించుకుపోయారు. నెలకి వెయ్యి ఇస్తున్నారు. నాకేం పోయింది, దాణాకి వస్తుందని ఊరుకున్నా.”

యేసుపాదం ఆ బోర్డుని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

“ఓరి వీడి దుంప తెగ! పాపం శివరామకృష్ణ గారిని ఎట్లా ముంచాడో చూడు!”

“ఇంకా ఆయన్నే వెనకేసుకొస్తావేంటి నాన్నా! ఇద్దరూ తోడుదొంగలే. అమ్మకాలు ఎక్కువ చూపించి షేర్లు అంటగట్టడానికి సరుకు లేకుండా బిల్లులు రాసుకున్నారు.”

“ఆయనకేం తెలుసే? ఈ ట్రేడర్స్ పెట్టినోడే అసలు దొంగ. లేని షాపుకి ఉన్నట్టు సంతకాలు పెట్టాడే, వాడికి సిగ్గుందా? వాడు అన్నం తింటున్నాడా, గడ్డి తింటున్నాడా? నాలాంటోళ్ల ఇల్లూ వాకిలీ పోతే వాడికి ఉసురు తగలదా? యార్డు గేటు దగ్గర నిలబెట్టి చెప్పుతో కొట్టాలి వెధవని!”

తండ్రి మొత్తానికి దారికొచ్చినందుకు జాస్మిన్‌కి కాస్త ఊపిరాడింది. ఆ నాలుగు లక్షలూ ఇక గడప దాటవు.

“కొట్టక్కర్లేదు నాన్నా. రేపు కేసయితే ముందు జైలుకెళ్లేది వాడే. పదకొండు కోట్ల సరుకు మీద ఎగ్గొట్టిన పన్నూ జరిమానా వాడి నెత్తినే పడతాయి. ఉన్నదంతా ఊడ్చుకుపోతారు.”

“పోనీ! తగిన శాస్తి. ఎవడో కనుక్కోలేమా?”

“ఎందుకు కనుక్కోలేం? జీఎస్టీ సైట్లో ఈ నంబరు కొడితే చాలు, యజమాని పేరు వచ్చేస్తుంది.”

“అయితే కొట్టు. ఇక్కణ్నుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కే పోదాం. వాడి మీద మొదటి కంప్లయింటు నాదే.”

బోర్డు మీది నంబరు ఒక్కో అక్షరమే చూసుకుంటూ ఫోన్లో కొట్టింది. సిగ్నల్ సరిగా లేదు. యేసుపాదం కాలు గాలిన పిల్లిలా కొట్టం ముందు తిరుగుతూ, ఆ దొంగ వంశాన్నంతా పేరుపేరునా తిడుతూనే ఉన్నాడు. పేజీ తెరుచుకుంది. జాస్మిన్ పేరు చదివింది. ఇంటిపేరుతో కలిపి మళ్లీ చదివింది.

“ఏమే, నోరు పడిపోయిందా? చదువు! ఎవడే ఆ దొంగ వెధవ?”

“నువ్వే నాన్నా.”