తల మీద నురగ

ఆ రోజుల్లో పలాస చుట్టుపక్కల ఏ ఇంట చూసినా పరదేశం కొలువే. అదేం చోద్యమో గానీ, పని చేయించుకునేది ఒకరు, చట్టం ముందు యజమాని ఇంకొకరు. ఆ రెండోవాణ్ణి జనం కాగితం యజమాని అనేవారు. గున్నమ్మ పొద్దున్నే తన వంటింట్లో చేతులకు తీగల తొడుగులు వేసుకుని, ఎదుటి తెర చూస్తూ చేతులాడిస్తే, ఎక్కడో మంచుదేశంలో ఇనుప చేతులు ఇంగ్రిడ్ అనే ముసలావిడకు నీళ్ళు పోసేవి. అక్కడ కుళాయి జల్లు ఉన్నా, చెంబుతో పోస్తే తప్ప గున్నమ్మకు తృప్తి ఉండేది కాదు. ఏళ్ళ తరబడి చూసిన ఒళ్ళు, ఆవిడ వీపు మీది మచ్చలన్నీ తెలుసు.

ఆ వేళ తలంటుతుండగా ఇంగ్రిడ్ మెడ వాలిపోయింది.

"మామ్మా, ఓ మామ్మా! కునుకు పట్టేసిందేటే?" అంటూనే గున్నమ్మకు సంగతి తెలిసిపోయింది. చెంబు అందుకోబోతే ఇనుప చేతులు కదల్లేదు.

"గున్నమ్మగారూ, ఆవిడతోపాటే ఒప్పందమూ అయిపోయిందండి," అన్నాడు కాగితం యజమాని తాలూకు మనిషి, ఆమె చెవిలో పెట్టుకున్న యంత్రంలోంచి.

"తల నిండా సబ్బుంది బాబూ! ఒక్క చెంబు పొయ్యనీ. సబ్బు తలతో సాగనంపుతారేటి ఎవులైనా?"

"మీ యజమానులం మేమండి. ఆవిడ మీకేమీ కారు. ఇక మీరు నీళ్ళు పోయాల్సిన కొత్తాయన చలికి వణుకుతున్నారు, చూడండి."

తెర మీద ఇంగ్రిడ్ మాయమై, బక్కచిక్కిన పెద్దాయన కనిపించాడు. ఇనుప చేతులు మళ్ళీ కదిలాయి. గున్నమ్మ చెంబు ఎత్తి పోసింది. మళ్ళీ పోసింది.

"అమ్మా, ఇంకా సబ్బే రాయలేదు కదా!" అని ఆయన ఎంత మొత్తుకున్నా, ఆ బట్టతల మీంచి గున్నమ్మ నురగ కడుగుతూనే ఉంది.