సమ్మయ్య చెప్పిన కారణం

రేపే క్రిస్మస్ ఆరాధన. చర్చిలో నేను ఊదే ఫ్రెంచ్ హార్న్ మీటలు నొక్కితే దిగడం లేదు. వేళ్లలో సత్తువ తగ్గింది, ఇక ఊదలేనని పాస్టరుగారికి ఉత్తరం రాసి సంచిలో పెట్టుకున్నాను. చివరి ప్రయత్నంగా, రేగొండలో పెళ్లి బ్యాండు నడుపుతూ వాయిద్యాలు బాగుచేసే సమ్మయ్య దగ్గరికి బస్సెక్కాను.

నన్ను చాయ్ తాగి రమ్మని పంపి, ఆయన హార్న్‌ను లోపలికి తీసుకెళ్లాడు. నేను తిరిగి వచ్చేసరికి మండిపడుతున్నాడు.

"ఏంది మేడం గిది! కొబ్బరినూనె పోసిన్రా? చలికి గడ్డ కట్టదా? మా బ్యాండోళ్లు గిట్ల జేస్తెనే తిడ్త. మీరు సదువుకున్నోళ్లు గద!"

"మరి నా వేళ్లు?"

"వేళ్లకేమైంది? మంచిగున్నయ్. తప్పంత నూనెదే."

మీటలు నొక్కి చూశాను. హాయిగా దిగాయి. తిట్లు తిని, బస్సులోనే ఉత్తరం చింపేశాను.

నేను హార్న్‌కు కొబ్బరినూనె ఎన్నడూ వాడలేదు. వాడేది కుట్టుమిషను నూనె. నూనె పట్టిన చేతులతో బతికే సమ్మయ్యకు ఆ తేడా తెలియనిది కాదు.

ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. మీటల కింద నా పాత స్ప్రింగులు లేవు. మూడు కొత్తవి ఉన్నాయి, వేలు ఆనిస్తే చాలు వంగేంత మెత్తనివి.