తాళం లేని హార్డ్‌డిస్క్

"ఇది పోయినట్టే అన్నయ్యా. దీన్లోంచి ఇంకేటీ రాదు" అంది అనూరాధ, హార్డ్‌డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఆ టిక్కు టిక్కు చప్పుడు ఇంకోసారి విని.

శ్రీకాకుళంలో కంప్యూటర్ సామాన్ల కొట్టు ఆమెది. కౌంటరుకి ఇవతల నిలబడ్డ జ్ఞానానందం పెళ్ళి వీడియోలు తీస్తాడు. నిన్న పొద్దున్న తన కాలికే వైరు తగులుకుని, బల్ల మీంచి డిస్కు కింద పడింది. తిట్టడానికి ఎదర మనిషంటూ లేడు. అలవాటు లేని కష్టం అది.

"కళింగపట్నం నూకయ్య కూతురి పెళ్ళి అందులోనే ఉన్నాదమ్మా."

"కెమెరా కార్డులో లేదా?"

"అది తుడిసీసి ఇంకో పెళ్ళి తీసీసినాను."

"అలాటిది ఒక్క దాన్లోనే ఉంచీసినావా? రెండో కాపీ తీసుకోవద్దేటి?"

పెళ్ళికొడుకు గోపి ఈ సాయంత్రమే గుజరాత్ రైలెక్కుతున్నాడు. వెరావల్లో చేపల బోటెక్కితే మళ్ళీ ఎనిమిది నెలలకి గాని పెళ్ళాం మొహం చూడడు. సముద్రం మీద చూసుకుంటాను, వీడియో ఫోన్లో ఎక్కించి ఇమ్మన్నాడు. స్టేషనుకి వెళ్తూ దారిలో ఈ కొట్టుకే వస్తానన్నాడు.

"అక్కా, అంతా పోయిందా? ఒక్కటి కూడా రాదా?" అన్నాడు పక్కనే ఉన్న సంజయ్. అతను జ్ఞానానందం బావమరిది. అరసవల్లిలో లాడ్జి కౌంటరు దగ్గర ఉద్యోగం, అక్కాబావల ఇంట్లో మకాం, డ్యూటీ దిగితే కంప్యూటర్ గేములు.

"ఒక్కటీ రాదు" అంది అనూరాధ.

సంజయ్ స్టూలు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారాయి.

జ్ఞానానందం అలా చూస్తూ ఉండిపోయాడు. తన నష్టానికి ఇంకొకడు ఏడవడం అతను ఈ వయసు వరకూ చూడలేదు. పడితే నవ్వినవాళ్ళే గాని, చెయ్యిచ్చినవాళ్ళు లేరు. అలాంటిది వీడు! మొన్ననే గదా వీణ్ణి, "నా డిస్కులో నీ గేము కనిపించిందంటే ఆ పూటే మూటా ముల్లే సర్దీసుకోవాల, మీ అక్క అడ్డమొచ్చినా ఆగేది లేదు" అని నానా మాటలూ అన్నాడు.

అనూరాధ రెండు కొత్త డబ్బాలు కౌంటరు మీద పెట్టింది.

"వీడియోలు దాసుకోడానికైతే జోరుగా నడవకపోయినా పరవాలేదు. గేములకైతే జోరు ఉండాల. ఈ ఐదు టీబీది పెద్దది, రెండిటికీ పనికొస్తాది. ఈ రెండు టీబీదానికి పాస్‌వర్డ్ తాళం ఉన్నాది. నువ్వు తప్ప ఎవలూ తెరవలేరు."

ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు జ్ఞానానందం కొనాలనుకున్నది ఆ తాళం ఉన్నదే. ఇప్పుడు దాన్ని పక్కకి తోసేశాడు.

"ఐదుది ఇయ్యమ్మా. తాళమూ వద్దు, గీళమూ వద్దు. సగంలో మావోడు గేములు పెట్టుకుంటాడు."

"నాకొద్దు బావా" అన్నాడు సంజయ్ తలెత్తకుండానే.

"నోర్ముయ్యి. నా కష్టానికి ఏడిసినోడివి నువ్వొక్కడివేరా."

సంజయ్ ఏడుపు ఇంకా ఎక్కువైంది.

అంతలో కొట్టు ముందు ఆటో ఆగింది. గోపి దిగాడు. భుజాన పెద్ద సంచి, చేతిలో పాత పేపరు చుట్టిన పొట్లం.

"ఎండు నెత్తళ్ళ సేపలు అన్నా, మాయమ్మ ఇచ్చింది. పెళ్ళిరోజు కూడు కూడా తినకుండా ఎండలో నిలబడి తీసినావంట గదా, మా మావ సెప్పినాడు. పట్టు."

జ్ఞానానందం చెయ్యి చాపలేకపోయాడు.

"వీడియో లేదురా గోపీ. కాలు తగిలి కింద పడిపోనాది. నా సేతుల్తో నేనే పోగొట్టీసినాను."

గోపి సంచి భుజం మార్చుకున్నాడు.

"ముక్క కూడా లేదా అన్నా?"

"లేదురా."

"పోన్లే. కావాలని సేసినావేటి?" పొట్లాన్ని కౌంటరు మీద పెట్టాడు. "ఇది మాత్రం ఉంచుకో. ఎనక్కి పట్టుకెళ్తే మాయమ్మ తిడతాది."

తిడితే బాగుండేదనిపించింది జ్ఞానానందానికి. గోపి ఆటో వైపు తిరిగాడు.

"అన్నా, ఆగు!"

సంజయ్ లేచి, తన బ్యాగులోంచి రబ్బరు బ్యాండు వేసిన పాత హార్డ్‌డిస్కు తీశాడు. "అక్కా, ఇది పెట్టు."

అనూరాధ దాన్ని కంప్యూటరుకి తగిలించింది. అది మూలుగుతూ మూలుగుతూ తెరుచుకుంది. తెరమీద కళింగపట్నం పెళ్ళిపందిరి. జుట్టు నిండా తలంబ్రాలతో, నవ్వు ఆపుకోలేక వంగిపోతున్న గోపి. పక్కన పెళ్ళికూతురు.

గోపి ఫోను అనూరాధ చేతికిచ్చి, వీడియో ఎక్కుతున్నంతసేపూ తెరమీంచి కళ్ళు తిప్పలేదు. వెళ్తూ వెళ్తూ బావాబావమరుదులిద్దర్నీ ఒక్కసారే వాటేసుకుని ఆటో ఎక్కాడు.

జ్ఞానానందం నెత్తళ్ళ పొట్లాన్ని సంజయ్ చేతిలో పెట్టాడు.

"నాకు సెప్పకుండా రెండో కాపీ తీసి దాసినావేట్రా! నా మర్యాద నిలబెట్టీసినావు. నిన్ను ఇన్ని మాటలన్నాను, మనసులో పెట్టుకోకురా."

"రెండో కాపీ కాదు బావా. ఉన్నది ఇదొక్కటే."

"మరి కిందపడిన దాన్లో ఏటున్నాది?"

సంజయ్ ముక్కు తుడుచుకుని, తలుపుకి దగ్గరగా జరిగి చెప్పాడు.

"నాది నెమ్మది, నీది జోరుగా నడుస్తాదని నీ పెళ్ళిళ్ళన్నీ తీసి నా దాన్లో పడేసి, నీ దాన్లో నా గేములు ఎక్కించుకున్నాను బావా. పన్నెండు రోజులు డౌన్‌లోడు సేసుకున్నాను, ఒక్కటీ మిగల్లేదు!"